పొరుగు రాష్ట్రంలో సీటు: భారతదేశంలో విద్యార్థుల వలస తీరు

పై చదువుల కోసం సొంత రాష్ట్రం దాటేవారు భారతదేశంలో మొత్తం మీద కొద్దిమందే. 2021-22లో దేశంలోని ఉన్నత విద్యాసంస్థల్లో చదువుతున్నవారు సుమారు 4.33 కోట్లని కేంద్ర విద్యాశాఖ సర్వే లెక్క. వారిలో అత్యధికులు ఇంటికి బస్సు దూరంలోనో, సొంత రాష్ట్రంలోని పెద్ద ఊళ్లోనో చదువుకునేవారే. ఊరు ఎందుకు మారారని జనగణనలో అడిగినప్పుడు ఆడవారు ఎక్కువగా పెళ్లని, మగవారు ఎక్కువగా పని అని చెబుతారు. చదువని చెప్పేవారు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరు. వారిలోనూ ఎక్కువమంది రాష్ట్రం పొలిమేర దాటనివారే. అయితే దాటిన ఆ కొద్దిమంది దేశమంతా పరుచుకోరు. దిల్లీ, బెంగళూరు, పుణె, మణిపాల్, వేలూరు, జలంధర్ పరిసరాల్లాంటి కొన్ని చోట్లే చేరతారు. అందువల్ల ఆ ఊళ్లలో ఇంటి అద్దెలు, హోటళ్ల వంటలు, వీధుల్లో వినపడే భాషలు కూడా వారిని బట్టి మారుతుంటాయి.

ఈ వలసను మంచి చదువు కోసం అన్వేషణ అనడం రివాజు. వివరాల్లోకి వెళ్తే ఆ మాట సగమే నిలుస్తుంది. ఏ రాష్ట్రంలో ఎన్ని సీట్లున్నాయి, వాటిలో బయటివారికి ఎన్ని, ఆ సీటు ధర ఎంత అన్న మూడు సంగతులే విద్యార్థి దారిని ఎక్కువగా నిర్ణయిస్తాయి. కోర్సు, కాలేజీ, ఊరు ఆ తర్వాతి మాటలు.

విశ్వవిద్యాలయాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో దూరం వెళ్లక తప్పేది కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ పిల్లలకు పెద్ద చదువంటే మద్రాసే. అప్పట్లో అది రాష్ట్రం దాటడం కాదు. కర్నూలు నుంచి వెళ్లినా, బరంపురం నుంచి వెళ్లినా ఒకే ప్రెసిడెన్సీ. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక అదే మద్రాసు, అవే కాలేజీలు పొరుగు రాష్ట్రానివయ్యాయి. 1916లో మొదలైన బనారస్ హిందూ విశ్వవిద్యాలయం తెలుగువారిని మరో దిక్కుకు లాగింది. ఇంజనీరింగ్ చదవడానికి అక్కడికి వెళ్లినవారు చాలామంది. హైదరాబాద్ సంస్థానంలో కథ వేరు. 1918లో వెలసిన ఉస్మానియాలో బోధన ఉర్దూలో సాగేది. 1938లో అక్కడి హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురైన విద్యార్థులను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పి.వి. నరసింహారావు ఆ తరంవారే. ఆయన చదువు నాగపూర్, పుణెల్లో సాగింది. రాజకీయ కారణంతో పొరుగు ప్రాంతానికి మళ్లిన చదువులకు తెలుగునాట ఇది తొలి పెద్ద ఉదాహరణ.

ఇవాళ విద్యార్థులను పంపే ప్రాంతాలన్నీ ఒక తీరువి కావు. కొన్ని చోట్ల కాలేజీలే చాలవు. 18 నుంచి 23 ఏళ్ల వయసున్న ప్రతి లక్ష మందికి కర్ణాటకలో అరవైకి పైగా, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో యాభై అటూఇటుగా కాలేజీలుంటే, బిహార్‌లో పదికి లోపే. జార్ఖండ్‌దీ దాదాపు అదే స్థితి. ఉన్న కాలేజీల్లోనైనా చదువు సమయానికి పూర్తికాదు. బిహార్‌లోని కొన్ని విశ్వవిద్యాలయాల్లో పరీక్షలు, ఫలితాలు వెనకబడి మూడేళ్ల డిగ్రీకి అయిదారేళ్లు పట్టిన రోజులున్నాయి. ఉద్యోగ పరీక్షలకు వయోపరిమితి ఉంటుంది కాబట్టి ఆ రెండు మూడేళ్ల విలువ అక్కడి కుటుంబాలకు బాగా తెలుసు. కాస్త స్తోమత ఉన్నవారు ఇంటర్ కాగానే పిల్లలను దిల్లీ రైలెక్కించడానికి ఇదొక బలమైన కారణం. సివిల్స్ ఆశ ఎలాగూ ఉంటుంది. డిగ్రీ దిల్లీలో చదివితే ముఖర్జీనగర్ కోచింగ్ సెంటర్లు పక్కనే ఉంటాయి.

ఈశాన్య రాష్ట్రాల్లో లోటు ఇంకా సూటిగా కనిపిస్తుంది. అరుణాచల్‌ప్రదేశ్, మిజోరంలకు మొదటి వైద్య కళాశాలలు 2018లో, నాగాలాండ్‌కు 2023లో వచ్చాయి. అంతకుముందు ఆ రాష్ట్రాల పిల్లలు డాక్టరు కావాలంటే, ఇతర రాష్ట్రాల కాలేజీల్లో కేంద్రం తమ కోసం కేటాయించే సీట్ల మీదే ఆధారపడాలి. మిగతా కోర్సులకు గువాహటి, షిల్లాంగ్‌లు కొంతమేరకు అక్కరకొచ్చినా, మణిపుర్, నాగాలాండ్‌లలో దశాబ్దాల సాయుధ ఘర్షణలు, బంద్‌లు, దిగ్బంధాలు తల్లిదండ్రులను భయపెట్టాయి. ఇంగ్లీషు మీడియం చదువులు, చర్చి బడుల ద్వారా ఏర్పడిన పరిచయాలు వారి పిల్లలను దిల్లీతో పాటు బెంగళూరు, పుణె, చెన్నై, హైదరాబాద్‌లకు చేర్చాయి.

కశ్మీర్ నుంచి వలసకు కూడా మూలం అశాంతే, అయితే దానికి ప్రభుత్వ పథకం తోడైంది. సి. రంగరాజన్ నాయకత్వంలోని నిపుణుల బృందం సిఫార్సుల మేరకు 2011లో మొదలైన ప్రధానమంత్రి ప్రత్యేక ఉపకార వేతనాల పథకం కింద జమ్మూకశ్మీర్ విద్యార్థులు ఏటా అయిదువేల మంది దాకా ఇతర రాష్ట్రాల్లో చదువుకోవచ్చు. ఫీజుతో పాటు తిండి, వసతి ఖర్చులకూ డబ్బిస్తారు. సొంత ప్రాంతంలోనే చదివితే ఈ సాయం రాదు. బయటికి వెళ్లడమే షరతుగా పెట్టిన ఉపకార వేతనం దేశంలో అరుదు. పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌లలో సీట్లు నిండక ఇబ్బందిపడుతున్న ప్రైవేటు కాలేజీలకు ఇది కలిసొచ్చిందన్నది కూడా దాచలేని సంగతి.

కేరళ దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ లోటు బడుల్లో లేదు, ఇంటర్ పాసైనవారిలో లేదు. వృత్తివిద్య సీట్లలో ఉండేది. ప్రభుత్వ కాలేజీలు పరిమితం, ప్రైవేటు కాలేజీలను రాజకీయాలు చాలాకాలం రానివ్వలేదు. 2001లో ఎ.కె. ఆంటోనీ ప్రభుత్వం స్వయంపోషక కాలేజీలకు తలుపు తీసేనాటికే మలయాళీ పిల్లలకు మంగుళూరు, బెంగళూరు, కోయంబత్తూరు దారులు అలవాటైపోయాయి. నర్సింగ్‌లో ఈ వలస మరీ పెద్దది. గల్ఫ్‌లో, ఐరోపాలో ఉద్యోగం కళ్లముందు కనిపిస్తుంటే కర్ణాటకలో నాలుగేళ్ల ఫీజు కోసం అప్పు చేయడానికి మధ్యతరగతి కుటుంబాలు వెనుకాడలేదు. ఆడపిల్లలను దూరం పంపరన్న సాధారణ సూత్రానికి ఇది గట్టి మినహాయింపు. చదువు వెనక ఖాయమైన ఉద్యోగం ఉంటే ఆ సూత్రం ఎంత సులువుగా సడలుతుందో కేరళ నర్సులు చూపించారు.

చేర్చుకునే రాష్ట్రాల్లో కర్ణాటక చరిత్ర అన్నిటికంటే ఆసక్తికరం. 1953లో మణిపాల్‌లో టి.ఎం.ఎ. పాయ్ కస్తూర్బా వైద్య కళాశాల స్థాపించారు. దేశంలో ప్రైవేటు రంగంలో వైద్యవిద్యకు అదే దారి చూపింది. ప్రభుత్వ సాయం లేని కాలేజీ నడవాలంటే విద్యార్థులే డబ్బు తేవాలి, ఆ డబ్బు స్థానికంగా చాలదు, కనుక దేశమంతటి నుంచి రావాలి. ఈ లెక్క తర్వాతి దశాబ్దాల్లో రాష్ట్రమంతా పాకింది. మఠాలు, కుల సంఘాలు, రాజకీయ నాయకులు కాలేజీలు తెరిచారు. బయటి రాష్ట్రంవారు ఇచ్చే డొనేషన్లతో స్థానికుల ఫీజు తక్కువగా ఉంచవచ్చన్న వాదన మొదలైంది. దీన్ని కర్ణాటక ప్రభుత్వమే అంకెల్లో పెట్టింది. 1989 నాటి ఉత్తర్వు ప్రకారం ప్రైవేటు వైద్య కళాశాలలో ప్రభుత్వ సీటుకు ఏడాది ఫీజు 2,000 రూపాయలు. మిగతా సీట్లలో కర్ణాటకవారికి 25,000 దాకా, ఇతర రాష్ట్రాలవారికి 60,000 దాకా. అంత కట్టలేక సీటు పోగొట్టుకున్న మీరట్ విద్యార్థిని మోహినీ జైన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1992లో వచ్చిన తీర్పు క్యాపిటేషన్ ఫీజు రాజ్యాంగ విరుద్ధమంది. విద్యాహక్కు చరిత్రలో ఆ తీర్పును ఎంతగా తలుచుకుంటారో, అది ఒక పొరుగు రాష్ట్రం విద్యార్థిని వేసిన కేసన్న సంగతిని అంతగా మరిచిపోతారు.

బయటివారి నుంచి ఎక్కువ వసూలు చేయవచ్చా అన్న ప్రశ్న అప్పటికే పాతది. ఇండోర్ వైద్య కళాశాలలో మధ్యభారత్ నివాసులు కానివారికి మాత్రమే క్యాపిటేషన్ ఫీజు వేయడాన్ని దిల్లీ వాసి డి.పి. జోషి సవాలు చేస్తే, 1955లో సుప్రీంకోర్టు ఆ తేడాను సమర్థించింది. జన్మస్థలాన్ని బట్టి వివక్ష చూపకూడదు గానీ నివాసాన్ని బట్టి తేడా చూపవచ్చన్నది ఆ తీర్పు సారాంశం. రాష్ట్రాల స్థానిక కోటాలన్నీ ఈ సన్నని గీత మీదే నిలబడ్డాయి. ప్రైవేటు ఫీజుల మీద 1993 నాటి ఉన్నికృష్ణన్ తీర్పు ఒక ఏర్పాటు చేస్తే, 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ తీర్పు దాన్ని తీసేసింది. 2005 నాటి ఇనాందార్ తీర్పు, సాయం తీసుకోని కాలేజీల్లో రాష్ట్రాలు బలవంతంగా సీట్లు తీసుకోలేవంది. కర్ణాటక ప్రైవేటు కాలేజీలు కామెడ్‌కె పేరుతో తమ ప్రవేశ పరీక్షను దేశమంతటికీ నడుపుతున్నాయి.

తమిళనాడు ప్రభుత్వ కౌన్సెలింగ్ స్థానికులకే. కానీ అక్కడి డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు ఆ నియమం లేదు. 1984లో వేలూరు ఇంజనీరింగ్ కాలేజీగా మొదలై 2001లో డీమ్డ్ హోదా పొందిన విఐటి, చెన్నై శివారులోని ఎస్ఆర్ఎం సొంత పరీక్షలతో దేశమంతటి నుంచి విద్యార్థులను తీసుకుంటాయి. పంజాబ్‌లో ఫగ్వాడా దగ్గరి ప్రైవేటు విశ్వవిద్యాలయంలో తెలుగు పిల్లలు కనిపించడానికీ కారణం ఇదే. రాష్ట్ర కోటా లేని చోట, సొంత రాష్ట్రంలో కోరిన బ్రాంచి రానివారు చేరతారు. కంప్యూటర్ సైన్స్ కోసం రెండువేల కిలోమీటర్లు వెళ్లేవాళ్లు సివిల్ ఇంజనీరింగ్ కోసం జిల్లా దాటరు.

కేంద్ర సంస్థలది ఇంకో దారి. ఐఐటీల్లో రాష్ట్ర కోటా అసలే లేదు. ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీలను సగం సీట్లు ఆ రాష్ట్రానికి, సగం దేశానికి అన్న పద్ధతిలో కట్టారు. వరంగల్ కాలేజీకి 1959 అక్టోబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 2002 తర్వాత ఇవి ఎన్ఐటీలయ్యాక కూడా ఈ సగంసగం కొనసాగుతోంది. భిన్న రాష్ట్రాల పిల్లలను ఒక హాస్టల్లో కలపాలన్న ఉద్దేశం విధానంలోనే ఉన్న అరుదైన సందర్భమిది. వైద్యవిద్యలో అదే పనిని కోర్టులు చేశాయి. 1984లో ప్రదీప్ జైన్ కేసులో మొదలై, 1986లో దినేశ్ కుమార్ కేసులో స్థిరపడి, ప్రభుత్వ వైద్య కళాశాలల ఎంబీబీఎస్ సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు వెళ్లాయి. దిల్లీ విశ్వవిద్యాలయంలో మాత్రం చాలాకాలం ఇంటర్ మార్కులే కొలమానం. ఏ బోర్డు ఉదారంగా మార్కులు వేస్తే ఆ రాష్ట్రానికి లాభం. 2021లో కొన్ని కోర్సుల కటాఫ్ నూటికి నూరు చేరినప్పుడు కేరళ విద్యార్థులు పెద్దసంఖ్యలో సీట్లు పొందడం గొడవకు దారితీసింది. మరుసటేడు నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ వచ్చింది. కొలమానం మారితే విద్యార్థులు వచ్చే రాష్ట్రాలూ మారతాయి.

తెలుగు రాష్ట్రాల విషయంలో 371-డి అధికరణను పక్కనపెట్టి ఏమీ చెప్పలేం. ముల్కీ, ప్రత్యేక ఆంధ్ర ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కలిసి ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతాలను మూడు స్థానిక ప్రాంతాలుగా విడదీశాయి. 85 శాతం సీట్లు స్థానికులవి. మిగిలిన 15 శాతం బయటి రాష్ట్రాలవారికని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటికి కూడా రాష్ట్రంలో పదేళ్ల నివాసమో, తల్లిదండ్రుల ప్రభుత్వోద్యోగమో ఏదో ఒక సంబంధం చూపాల్సి ఉండేది. ప్రభుత్వ కౌన్సెలింగ్‌తో నిండే కన్వీనర్ కోటాలో పరాయి రాష్ట్రంవారికి దాదాపు చోటే లేదు. ఇది రెండువైపులా పనిచేసింది. తెలుగువారు తమ సీట్లు కాపాడుకున్నారు. బదులుగా వైద్యవిద్య అఖిల భారత కోటాకు చాలా ఏళ్లు దూరంగా ఉండిపోయి, ఆలస్యంగా అందులో చేరారు.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ సీట్లు పెరగలేదు, కోరేవారు తగ్గలేదు. డబ్బున్న రైతు కుటుంబాలు, వ్యాపారులు డొనేషన్ సంచులతో రాయచూరు, గుల్బర్గా, బీదర్, దావణగెరె, బెంగళూరు దారి పట్టారు. ఆ తరం డాక్టర్లలో, ఇంజనీర్లలో కర్ణాటక పట్టాలున్నవారు అంతమంది ఉండటానికి కారణం కర్ణాటక చదువు గొప్పదనం కాదు, హైదరాబాద్‌లో చేసిన ఒక చట్టం. 1990ల చివరి నుంచి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలకు విరివిగా అనుమతులిచ్చాక ఈ ప్రవాహం తగ్గింది. 2014లో రాష్ట్ర విభజన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో అవి ఏడువందల చేరువకు వచ్చాయి. 2008 ప్రాంతంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పేద, దిగువ మధ్యతరగతి పిల్లలను పూర్తిగా ఇక్కడే నిలిపింది. సొంత జిల్లాలో ఫీజు ప్రభుత్వం కడుతుంటే పక్క రాష్ట్రానికి లక్షలు మోసుకెళ్లేవారెవరు? ఇప్పుడు వెళ్లేవారు ఎక్కువగా ఆ పథకం వర్తించనివారు, లేదా ఇక్కడి సగటు కాలేజీ మీద నమ్మకం లేనివారు. వారి కోసం కాలేజీలే తరలివచ్చిన ముచ్చట కూడా ఉంది. విఐటి, ఎస్ఆర్ఎం 2017లో అమరావతి ప్రాంతంలో విశ్వవిద్యాలయాలు తెరిచాయి.

బయటి నుంచి తెలుగు రాష్ట్రాలకు వచ్చేవారు ప్రధానంగా హైదరాబాద్‌కే వస్తారు. అక్కడ 371-డి వర్తించని కేంద్ర, జాతీయ సంస్థలున్నాయి. ఇందులో ఓ చిత్రమైన మలుపుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టింది స్థానికుల ఆందోళనను చల్లార్చిన ఆరు సూత్రాల పథకంలోనే. దానికి 371-ఇ అనే ప్రత్యేక అధికరణ కూడా ఉంది. స్థానికుల కోసం ఇచ్చిన ఆ విశ్వవిద్యాలయం కేరళ, ఒడిశా, బెంగాల్, ఈశాన్య విద్యార్థులకు దక్షిణాదిలో ప్రధాన గమ్యాల్లో ఒకటైంది. ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ, ఉర్దూ విశ్వవిద్యాలయం, న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్, ట్రిపుల్ ఐటీ, ఐఐటీ, బిట్స్ క్యాంపస్‌లు ఆ వరసలోవే.

సీటు, ధర కాక మిగిలిన కారణాలు ఉన్నాయి గాని వాటి బలం తక్కువ. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు పెద్ద నగరాల దగ్గరే ఎక్కువ కాబట్టి బెంగళూరు, పుణె లాభపడ్డాయి. ముందు వెళ్లిన సీనియర్ గది, తిండి, కాలేజీ గుమాస్తా పరిచయం అన్నీ చూసిపెడతాడు. ఒక జిల్లావారంతా ఒకే కాలేజీలో తేలడం దీనివల్లే. ఇంటి కట్టుబాట్ల నుంచి కాస్త ఊపిరి పీల్చుకోవాలన్న కోరికను ఏ దరఖాస్తులోనూ రాయరు గానీ అదీ ఒక కారణమే. భాష అడ్డుకునేది తక్కువ, ఎందుకంటే ఇలా కదిలే వర్గం అప్పటికే ఇంగ్లీషు మీడియంలో చదివినది.

కదలనివారి సంగతీ ఇక్కడే చెప్పాలి. రాష్ట్రాల ఉపకార వేతనాలు, రీయింబర్స్‌మెంట్లు చాలావరకు పొలిమేర దగ్గరే ఆగిపోతాయి. బ్యాంకు విద్యారుణం 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలని నియమమున్నా, కూలి కుటుంబం ఆ గడప తొక్కడం అంత తేలిక కాదు. ఆడపిల్లల విషయంలో దూరం, హాస్టల్ భద్రత, పెళ్లి వయసు మాటలు తోడవుతాయి. అందువల్ల బీద ఇంటి పిల్లలు రాష్ట్రం దాటే మార్గాలు రెండు మూడే: కేంద్ర సంస్థల ప్రవేశ పరీక్ష, కశ్మీర్ తరహా ప్రత్యేక పథకం, నర్సింగ్ లాంటి ఉద్యోగం ఖాయమైన కోర్సు.

చేరిన చోట ఆదరణ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఫీజు కట్టేటప్పుడు కావలసినవారు, అద్దె ఇల్లు అడిగేటప్పుడు కానివారవుతారు. 2012 ఆగస్టులో దాడుల వదంతులు వ్యాపించి వేలాది ఈశాన్య యువత బెంగళూరు వదిలిపోతుంటే గువాహటికి ప్రత్యేక రైళ్లు వేయాల్సి వచ్చింది. 2014 జనవరిలో దిల్లీ లాజ్‌పత్‌నగర్‌లో అరుణాచల్ విద్యార్థి ఒకరు దాడికి గురై చనిపోయాక కేంద్రం ఎం.పి. బెజ్‌బరువా కమిటీని నియమించింది. చట్టాలు కఠినం చేయాలని, పోలీసు సహాయ ఏర్పాట్లు ఉండాలని, ఈశాన్య చరిత్ర పాఠ్యపుస్తకాల్లోకి రావాలని ఆ కమిటీ చెప్పింది.

రాష్ట్రం దాటినందుకు సొంత ఊళ్లో చెల్లించే మూల్యం ఇంకొకటుంది: స్థానికత పోవడం. 2014 పునర్విభజన చట్టం పాత ప్రవేశ కోటాలను పదేళ్లు కొనసాగనిచ్చింది. 2024 జూన్ 2తో ఆ గడువు ముగిసింది. అంతకుముందు విజయవాడ, హైదరాబాద్ మధ్య ఇంటర్ కోసం అటూఇటూ తిరిగిన పిల్లలు హఠాత్తుగా రెండు వేర్వేరు రాష్ట్రాల లెక్కల్లో పడ్డారు. అదే ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 33తో వైద్య ప్రవేశాల నిబంధన మార్చింది. ఇంటర్ పూర్తయ్యేదాకా వరసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదవడమో, ఉండటమో తప్పనిసరి చేసింది. పుట్టింది, పెరిగింది తెలంగాణలోనే అయినా రాజస్థాన్‌లోని కోటా నగరంలోనో, విజయవాడలోనో రెండేళ్లు ఇంటర్ చదివినవారు నాన్ లోకల్ అయ్యారు. హైకోర్టు వారికి ఊరటనిచ్చినా, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రం నిబంధననే సమర్థించింది. బదిలీలపై వెళ్లే ప్రభుత్వోద్యోగుల, సైనికుల పిల్లల వంటివారికి మాత్రం మినహాయింపులు నిలిచాయి. అదే ఏడాది జనవరిలో, తన్వీ బెహల్ కేసులో, పీజీ వైద్య సీట్లలో నివాసాన్ని బట్టి రిజర్వేషన్ చెల్లదని అదే కోర్టు చెప్పింది. దాంతో ఎంబీబీఎస్‌కు స్థానికత ఉంది, పీజీకి లేదు. ఇంటర్ ఎక్కడ చదివించాలన్న నిర్ణయం ఇప్పుడు పదో తరగతికి ముందే తీసుకోవలసినదైంది. కోచింగ్ కోసం పిల్లలను పొరుగు రాష్ట్రానికి పంపే తల్లిదండ్రులు ఫీజు పట్టికతో పాటు జీవోలు కూడా చదువుతున్నారు.